పదకొండు బస్తాల మట్టి, ఇరవై ఏడు గళ్ల ఫారం

మనిషికి జానెడు పొట్ట, పడుకోవడానికి ఆరడుగుల జాగా చాలునని వేదాంతులు సెలవిస్తారు. వారిలో ఏ ఒక్కరూ తాండూరులో గది కిరాయికి అడిగినట్టు దాఖలా లేదు.

జాగాను దేవుడు చేశాడు, ఖాళీ జాగాను సర్కారు చేసింది. ఈ రెంటి మధ్య తేడా చెడిపోకుండా చూడటానికే మా ఊళ్లో రైలు స్టేషనుకు ఇవతల ఖాళీ జాగాల కిరాయి మంజూరు కచేరీ వెలసింది. రెండు గదులు, ఒక చూరు, ఒక పేష్కారు. నిజాం కాలంలో ఉర్దూలో పుట్టి, పోలీసు యాక్షన్ తర్వాత ఇంగ్లీషులో పెరిగి, ఇప్పుడిప్పుడే తెలుగు కూడబలుక్కుంటోంది. ఆ చూరు కింద రాతబల్ల వేసుకుని పద్దెనిమిదేళ్లుగా అర్జీలు రాసి బతుకుతున్నవాణ్ణి నేను. అర్జీల కిష్టయ్య అంటారు. కచేరీ అంటే నాకు అపారమైన గౌరవం. (చూరు కారదు.)

యాభై నాలుగులో, వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, జంగప్ప నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇద్దరు మోసే బండను ఒక్కడే మోసే మనిషి. మా ఊరి గనుల్లో పనిచేస్తాడు, సాయంత్రం కుస్తీ పడతాడు. నిలబడితే నా బల్ల మీద ఎండ పడదు.

"కిష్టయ్యన్నా, నేను తాలీం పెడ్త. పొల్లగాండ్లకు కుస్తీ నేర్పుత, కసరత్తు నేర్పుత. గనిల పని ఇడిసిపెట్టిన. జాగ సూసిన. నువ్వు జర కాగితం రాసియ్యి."

"ఉస్తాద్ ఒప్పుకున్నడా?"

"ఉస్తాదే పంపిండు."

ఉస్తాద్ అంటే గఫూర్ సాబు. డెబ్బై ఏళ్లవాడు. నలభై ఏళ్లు మా ఊళ్లో తాలీం నడిపాడు. నలభై ఎనిమిది గడబిడలో తాలీం ఉన్న ఇంటివాళ్లు తాళం వేసి పట్నం వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. నలుగురు మగవాళ్లు ఒకచోట చేరి కర్రలు తిప్పితే ఊరికి దడ పుట్టే రోజులవి, కాబట్టి తాళం తీయమని అడిగేవాళ్లూ లేకపోయారు. తాళం పడకముందు ఉస్తాద్ అందులోంచి ఒకే ఒక్కటి బయటికి తెచ్చుకున్నాడు. కసరత్తుకు తిప్పే ముద్గర్లు కాదు, గెలిచిన పటకాలు కాదు. కుస్తీ గుంతలోని మట్టి. పదకొండు బస్తాలు.

తెలియనివారికి చెప్పాలి. కుస్తీమట్టి అంటే దారిన పోయే మట్టి కాదు. అనంతగిరి నుంచి తెచ్చిన ఎర్రమట్టి జల్లెడ పట్టి, నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ, వేపాకు కలిపి, ఏళ్ల తరబడి దాని మీద పడి లేచి తయారుచేస్తారు. కొత్త తాలీం పెట్టేవాడు పాత తాలీం మట్టి తెచ్చి పోసుకోవాలి. అది లేకపోతే గది గదే. వారానికోసారి తిరగేయకపోతే గట్టిపడి చచ్చిపోతుందట. అందుకని ప్రతి శుక్రవారం ఉస్తాద్, జంగప్ప కలిసి ఉస్తాద్ వాకిట్లో బస్తాలు విప్పి, తట్టు పరిచి మట్టి పోసి, తిరగేసి, మజ్జిగ చల్లి, మళ్లీ నింపి కట్టేవారు. అప్పటికి ఆరేళ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదు.

ఇంకొక సంగతి. ఉస్తాద్ జంగప్పకు తొమ్మిది పట్లు నేర్పి పదోది దాచుకున్నాడు. అది ఉస్తాదుల ఆచారం. (నేనూ ప్రతి అర్జీలో ఒక గడి ఖాళీగా వదులుతాను. వచ్చినవాడు మళ్లీ రావాలి కదా.) "పదోది మట్టి మీదనే సూపిస్త. మట్టి మెత్తగుంటె మనిషి గట్టిగైతడు. బండ మీద అయితె ఉల్టా," అనేవాడు ఆయన. తాండూరులో వాకిలి బండ, గోడ బండ, కప్పు బండ, కూర్చుంటే బండ, పడుకుంటే బండ. కాబట్టి జంగప్పకు జాగా దొరకడమూ, డెబ్బై ఏళ్ల మనిషి ఒంట్లో పదో పట్టు మిగిలి ఉండటమూ ఒకదాని వెంట ఒకటి జరగాల్సిన పనులు. ఏది ముందు అయిపోతుందన్నదే ప్రశ్న.

జంగప్ప చూసిన జాగా కచేరీకి ఎదురుగా ఉన్న ఉమ్రావ్ బేగం గారి కందిపప్పు గోదాము. పప్పు ఖాళీ అయి రెండేళ్లయింది. బేగం గారు పరదా వెనకాల నుంచి మాట్లాడారు.

"పహిల్వాన్లు దుంకితె పందికొక్కులు పారిపోతయి, మంచిదే. గాని కచేరీ మంజూరు లేంది తాళంచెవి ఇయ్య. నాకెందుకు పరేషాని?"

జంగప్ప భార్య భాగమ్మ మాత్రం నా బల్ల దాకా వచ్చి నన్నే అడిగింది. "బండలు మోస్తె నాలుగు రాళ్లొస్తుండె. ఇగ మనుషుల్ని మోస్తడట. ఎన్ని దినాలల్ల అయితది అన్నా మంజూరు?"

"వానలు వడేలోపల అయితదమ్మా," అన్నాను. ఏ ఏటి వానలో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఫారానికి ఇరవై ఏడు గళ్లు. మొదటి ఎనిమిదీ సులువు. పేరు, తండ్రి పేరు, తాత ఉన్నాడా, ఉంటే ఎందుకు వగైరా. తొమ్మిదో గడి దగ్గర కచేరీ అసలు స్వరూపం కనబడుతుంది. వ్యాపారం ఏ రకం? పప్పు, బండ, బట్ట, కిరాణా, హోటలు, ఇతరములు. నేను ఇతరములు అని రాశాను. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం ఉంది: లోపలికి వచ్చు సరుకు, బయటికి పోవు సరుకు వివరింపవలెను.

పేష్కారు వెంకోబరావు గారు మమ్మల్ని లోపలికి పిలిచారు. మంచి మనిషి. ఎవరినీ కాదనరు. పద్దెనిమిదేళ్లలో ఆయన ఒక్క అర్జీని కూడా తోసిపుచ్చలేదు. (ఒక్కదానికి కూడా మంజూరు ఇవ్వలేదు.)

"లోపలికి ఏమొస్తది జంగప్పా?"

"పొల్లగాండ్లు సార్. బక్కోళ్లు."

"బయటికి?"

"గా పొల్లగాండ్లే. గట్టోళ్లు."

పేష్కారు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే లోపలికి పోయేది ఒక తీరు, బయటికొచ్చేది ఒక తీరు. మధ్యల నువ్వు దానికేదో చేస్తున్నవు. ఇది దుకాణం కాదు. కార్ఖానా."

"కార్ఖానా ఏంది సార్, పొల్లగాండ్లు!"

"కచ్చా మాలు ఏదైతేనేం? తయారైన మాలు తూకం వెయ్యాలె. ఎంతకాలంల తయారైతది?"

జంగప్ప నా వైపు చూశాడు. నేను పైకప్పు బండలు చూశాను. చివరికి ఒక్కొక్కరికి రెండేళ్లని రాసుకున్నారు. చెడిపోయిన సరుకును ఏం చేస్తారన్న ప్రశ్నకు, "ఇంటికి పంపిస్త సార్," అన్నాడు జంగప్ప. ఆ జవాబు కచేరీకి చాలా నచ్చింది.

పద్నాలుగో గడి పోలీసు ఠాణాకు వెళ్లింది. తయారగు బలము ఎవరి మీద ప్రయోగింపబడును అని అక్కడ అడిగారు. జంగప్ప నిజాయితీగా "అవతలోని మీద" అని చెప్పాడు. అవతలివాడి పేరు, ఊరు, అతనికి అభ్యంతరం లేనట్టు చేతిరాత తేవాలన్నారు. అప్పుడు నవాబుపేట పహిల్వాను బిచ్చయ్య వచ్చి, జంగప్ప తనను ఎన్నిసార్లు కిందపడేసినా తనకు అభ్యంతరం లేదని వేలిముద్ర వేసి పోయాడు. పోతూ పోతూ, తానే జంగప్పను పడేస్తే ఏ ఫారం నింపాలని నన్ను అడిగాడు. దానికి వేరే కచేరీ ఉందని చెప్పాను.

ఇంతవరకూ తప్పు ఎవరిదీ కాదు. పంతొమ్మిదో గడిలో తప్పు నాది. ఒప్పుకుంటున్నాను.

పంతొమ్మిది: నేలకు చేయదలచిన మార్పులు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, 'ఏమియు లేవు' అని రాయాల్సింది. కానీ ఆ రోజు జంగప్ప ఉత్సాహం నాకూ అంటుకుంది. 'నడుమ బండలు తీసి మూడు మూరల లోతు గుంత తవ్వి మట్టి పోయుదును' అని ముచ్చటగా రాశాను.

తాండూరులో ఆ మాట కాగితం మీద పెట్టే పిచ్చివాడు ఇంకొకడు ఉండడు. మా తాలూకాలో నేల తవ్వితే బండ వస్తుంది. బండ వస్తే అది గని. రెండు మూరలు దాటిన ఏ గుంతనైనా కచేరీ గనిగానే లెక్కిస్తుంది. మా మేనమామ చింతమొక్క నాటుకుంటే అతనికి గని దస్తావేజు వచ్చింది. ఆ మొక్క ఇప్పుడు పెద్ద చెట్టయింది, రికార్డులో మాత్రం ఇంకా గనే.

"గుంతల బండ రాదని రుజువు చేస్తే నాకేం అడ్డం లేదు," అన్నారు పేష్కారు గారు.

"తవ్వి సూపిస్త సార్."

"తవ్వడానికి మంజూరు కావాలె."

"మంజూరు ఎప్పుడిస్తరు సార్?"

"బండ రాదని రుజువు కాంగనే."

జంగప్ప బయటికొచ్చి చాలాసేపు చూరు పట్టుకుని నిలబడ్డాడు. కచేరీ కప్పు కొంచెం కదిలినట్టు నాకు అనిపించింది. "అన్నా, నేను వాన్ని ఎత్తి పడెయ్యొచ్చు," అన్నాడు మెల్లగా.

"పద్నాలుగో గడిల ఆయన పేరు లేదు," అన్నాను.

గుంత తవ్వను, బండల మీదనే చుట్టూ గట్టు కట్టి మట్టి పోసుకుంటానని ఇంకో అర్జీ పెట్టాం. గట్టు కడితే కట్టడం. కట్టడానికి నక్షా, అంటే ప్లాను, కావాలి. పాత గుంత, కొత్త గట్టు రెండూ కలిసి గని మీద కట్టడం కిందికి వస్తాయి కాబట్టి ఇది తమ స్థాయిలో తేలదని, ఫైలును జిల్లాకు పంపారు. అప్పుడు తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. యాభై అయిదు చలికాలంలో ఫైలు రైలెక్కింది.

యాభై ఆరు నవంబరు ఒకటిన రాష్ట్రాలు మారాయి. పొద్దున లేచి చూస్తే తాండూరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఫైలు మైసూరు రాష్ట్రంలో ఉంది. జంగప్ప, ఉస్తాద్, భాగమ్మ, పదకొండు బస్తాలు, ఉమ్రావ్ బేగం గారి గోదాము ఒక రాష్ట్రంలో. వాళ్ల భవిష్యత్తు ఇంకొక రాష్ట్రంలో. ఇలాంటి సమయాల్లో ఫైలు పరాయి దేశస్థురాలు కాదని ధృవీకరించాలి. ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో ఉస్తాద్ బాగా వంగిపోయాడు. పార పట్టలేడు. శుక్రవారం మట్టిని జంగప్ప తిరగేస్తుంటే ఆయన బస్తా మూతి పట్టుకుని కూర్చునేవాడు. ప్రతి శుక్రవారం ఒకటే మాట.

"జాగ అయ్యిందా బేటా?"

"అయితది ఉస్తాద్. కాగితం గుల్బర్గల ఉంది."

"అచ్ఛా. నాకేం తొందర లేదు. గీ మోకాలికే తొందరగ ఉంది."

ఆ మాట జంగప్ప నాకు చెప్పినప్పుడు నవ్వాను. ఇంటికెళ్లాక నవ్వు రాలేదు. ఆ పంతొమ్మిదో గడి రాసింది ఈ చెయ్యే.

యాభై ఎనిమిది వేసవిలో ఫైలు తిరిగొచ్చింది. వెళ్లినప్పుడు వేలెడు మందం, వచ్చినప్పుడు మూడు కట్టలు. కన్నడంలో రాసిన అభిప్రాయాలు, వాటి మీద ఇంగ్లీషులో అభ్యంతరాలు, అభ్యంతరాల మీద ఉర్దూలో సంతాపం. దానితోపాటు ఎవరివో తెలియని ఇంకో నలభై ఊళ్ల ఫైళ్లు కూడా తప్పిపోయి మాకే వచ్చాయి. ఇప్పుడు మా పై కచేరీ వికారాబాద్‌లో పెట్టారు. పేష్కారు గారు ఫైలు పట్టుకుని ప్యాసింజరు రైల్లో వికారాబాద్ వెళ్లి సాయంత్రానికి ఉత్తర్వుతో తిరిగొచ్చారు. జంగప్ప స్టేషనులోనే ఎదురుచూస్తున్నాడు. ఉత్తర్వు నేనే చదివి వినిపించాను.

తాలీము విషయమై నిర్ణయించుటకు ముందు, సంబంధిత కాగితములన్నియు ఒక పొడి గదిలో భద్రపరుపవలెను.

కచేరీలో ఉన్నవి రెండే గదులు. రెండూ నిండిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి పేష్కారు గారు ఉమ్రావ్ బేగం గారి గోదాముకు వెళ్లారు, నేల మీద చెప్పుతో తట్టి చూశారు. ఎక్కడా గుంత లేని బండ నేల, చెద పట్టదు. సాయంత్రం అసుర్ నమాజు వేళకు తాళంచెవి ఆయన చేతిలో ఉంది.

నేను అడగకుండా ఉండలేకపోయాను. "సార్, మరి ఫారం?"

"ఫారం అడిగేటోళ్లకు కిష్టయ్యా. మేం ఇచ్చేటోళ్లం," అన్నారు ఆయన, ఏ మాత్రం గర్వం లేకుండా.

ఫైళ్లు మోయడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. బరువులెత్తడంలో అనుభవం, సదరు గదితో పరిచయం, ఫైలు పట్ల శ్రద్ధ. ఇన్ని అర్హతలూ ఉన్నవాడు తాలూకా మొత్తం మీద ఒక్కడే కనబడ్డాడు. జంగప్ప వద్దనలేదు. నాలుగేళ్లుగా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతోందో భాగమ్మకు తెలుసు, అతనికీ తెలుసు. మొదటి రోజే తన ఫైలు మూడు కట్టలూ తన భుజం మీదే పెట్టుకుని, తాను తాలీం పెడదామనుకున్న గదిలోకి అడుగుపెట్టాడు. కట్టలు దించి, గది నడుమ ఒక చోట, సరిగ్గా గుంత తవ్వాల్సిన చోట, కాసేపు ఊరికే నిలబడ్డాడని చూసినవాళ్లు చెప్పారు.

ఆ శ్రావణంలో వాన తెరిపి లేకుండా పట్టింది. గోదాము గడప పల్లంలో ఉంటుంది. నీళ్లు లోపలికి తొంగిచూశాయి. పేష్కారు గారు ఫైలు తెప్పించి ఇరవై రెండో గడి చూశారు. 'అర్జీదారు వెంట తెచ్చుకొను సామాను: పదకొండు బస్తాల మట్టి.' నా చేతిరాతే.

"దాఖలాల ఉన్నయి కద బస్తాలు. తెచ్చి గడపకు అడ్డం పెట్టు."

"సార్, అది కుస్తీమట్టి. ఉస్తాద్‌ది."

"మట్టికి రకాలుంటయా జంగప్పా? ఫారంల రాయలేదే మరి?"

రాయలేదు. అక్కడ రెండు మాటలు పట్టేంత జాగా ఉంది. రాసి ఉండాల్సింది.

జంగప్ప వానలో ఉస్తాద్ ఇంటికి వెళ్లాడు. ఉస్తాద్ మంచం మీద నుంచే అతని ముఖం చూసి అర్థం చేసుకున్నాడు.

"తీస్కపో బేటా. గా జాగకే గద పోతున్నది."

పదకొండు బస్తాలు పదకొండుసార్లు మోశాడు. రెండేసి మోయగలడు. మోయలేదు.

రెండు రోజులకు గోనె చీకిపోయింది. మట్టి గడప ముందు పరుచుకుపోయింది. మూడోరోజు వాన వెలిసింది. గోడలు పట్టుకుంటూ, ఆగుతూ, ఉస్తాద్ వచ్చాడు. కచేరీ చూరు కింద నేను, గోదాము తలుపు దగ్గర ఫైళ్ల కట్టతో జంగప్ప, కిటికీలో పేష్కారు గారు. ఉస్తాద్ ఎవరినీ పలకరించలేదు. చెప్పులు విడిచాడు. వంగి మట్టి తాకి నుదుటికి రాసుకున్నాడు. అందులోకి దిగాడు.

"జంగా, రా."

జంగప్ప కట్ట కిందపెట్టాడు. (తడి నేల మీద. దీని మీద ఇంకా విచారణ జరుగుతోంది.) చొక్కా తీసి, మట్టి మొక్కి, ఎదురుగా నిలబడ్డాడు. ముసలాయన ఎడమ చెయ్యి అతని మెడ మీద వేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో నేను చూశాను గాని చెప్పలేను. మోకాలు ఎక్కడో కలిసింది, భుజం ఎక్కడో తప్పుకుంది. ఇద్దరు మోసే బండను మోసే మనిషి వెల్లకిలా మట్టిలో ఉన్నాడు. ఉస్తాద్ అతని పక్కనే కూలబడి రొప్పుతున్నాడు.

"గిది పదోది. సమఝైందా?"

జంగప్ప పడుకునే నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. పేష్కారు గారు కిటికీలోంచి చివరిదాకా చూశారని, మధ్యలో ఒకసారి "శాబాష్" అన్నారని నేను సాక్ష్యం చెప్పగలను. ఆ తర్వాతనే కాగితం తెప్పించారు.

ఉత్తర్వు సాయంత్రానికి తయారైంది. కచేరీ హద్దులలో మంజూరు లేకుండ నడుపబడుచున్న తాలీము నేటి నుండి మూసివేయడమైనది. కాగితాలు అందజేసే పని జంగప్పదే కాబట్టి దాన్ని జంగప్పే తీసుకెళ్లి, జంగప్పకే అందజేసి, అందినట్టు జంగప్ప సంతకం పెట్టించుకుని తిరిగొచ్చాడు.

ఉస్తాద్ ఆ కాగితం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. "అంటె తాలీం ఉండె అని సర్కారు ఒప్పుకున్నట్టే గద?" అన్నాడు.

"ఒప్పుకున్నట్టే ఉస్తాద్."

"తారీఖు ఏసిండ్రా?"

"ఏసిండ్రు."

దాన్ని చట్రం కట్టించి గోడకు పెట్టించుకున్నాడు. శుక్రవారం శుక్రవారం జంగప్ప అలవాటు కొద్దీ ఆయన వాకిట్లోకి వెళ్తాడు. మట్టి మళ్లీ బస్తాల్లోకి రాలేదు, తిరగేయడానికి ఏమీ లేదు. ఇద్దరూ కూర్చుని చాయ్ తాగుతారు.

అసలు అర్జీ ఏమైందని మీరు అడగవచ్చు. అది సజీవంగా ఉంది. మొన్న వికారాబాద్ నుంచి జవాబు కూడా వచ్చింది. ఇరవై ఆరు గళ్లు సంతృప్తికరము. ఇరవై రెండవ గడిలో పేర్కొన్న పదకొండు బస్తాల మట్టి ప్రస్తుతము ఎక్కడ నున్నదో అర్జీదారు పదిహేను దినములలో తెలుపవలెను. తెలుపని యెడల, అట్టి మట్టి ఎన్నడును లేనట్లే భావింపబడును.